స్టూడియోకి వెళ్లే ముందు: పెద్దింట్లమ్మ పాట మాకు నేర్పిన పాఠం

పోయిన శుక్రవారం వీడియోలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ పాటని పాత బాణీలో ఒకసారి, కొత్త బాణీలో ఒకసారి వినిపించాను కదా. పాత బాణీలో ఏం తక్కువైందని మార్చారు అన్నది ఎనిమిది నిమిషాల వీడియోలో చెప్పడం కుదర్లేదు. ఇక్కడ తీరిగ్గా చెప్తాను. సొంతంగా భక్తిపాట రాసి రికార్డు చేయించాలనుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు కాబట్టి, మేం డబ్బు తగలేసి నేర్చుకున్నది మీకు ఊరికే వస్తుంది.

ముందు ఆ సంగతే చెప్పేస్తాను. నిరుడు ఇదే అమ్మవారి మీద ఒక పాట చేశాం. పదకొండు ట్రాకులు, వయొలిన్లు, కోరస్, అన్నీ కలిపి 18,000 రూపాయలు అయ్యింది. మా జీతాల్లోంచి పోగేసిన డబ్బు. వ్యూస్ బాగానే వచ్చాయి. కైకలూరు దగ్గర లంక ఊళ్లో మా అమ్మమ్మకి ఫోన్లో వినిపిస్తే "బాగుందే అమ్మడూ" అంది. అంతే. మా అమ్మమ్మకి ఏదైనా పాట నచ్చితే బియ్యం ఏరుతూ, అంట్లు తోముతూ అదే పాడుతుంది. రేడియోలో విన్నదైనా, పక్కింటి పెళ్లిలో విన్నదైనా సరే. మా పాట మాత్రం ఏడాదిలో ఒక్కసారి కూడా ఆవిడ నోట రాలేదు. ఆవిడ శుక్రవారం భజన గుంపులో ఎవరి నోటా రాలేదు. ఏ అమ్మకోసం రాశామో ఆ అమ్మ గుడి ముందు ఆ పాట పాడే మనిషే లేడు.

ఆఫీసులో మా పని ఎలా ఉంటుందంటే, కోడ్ యూజర్ దగ్గరికి వెళ్లాక తప్పు బయటపడితే దిద్దడానికి పదింతల శ్రమ. అందుకే ముందే ఇంకొకరితో చూపించుకుంటాం. అదే మనుషులం పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం మా గదిలో మేమే పాడుకుని, హెడ్‌ఫోన్స్‌లో మేమే విని, "సూపర్" అనుకుని స్టూడియోకి పరిగెత్తాం.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఊరు గురించి రెండు ముక్కలు. కృష్ణ, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగులన్నీ తెచ్చి ఇందులో పోస్తాయి, బయటికి పోయే దారి సముద్రంలోకి వెళ్లే ఉప్పుటేరు ఒక్కటే. ఆ కొల్లేటి మధ్య దిబ్బ మీద కొల్లేటికోట, అక్కడే పెద్దింట్లమ్మ గుడి. ఇప్పుడది ఏలూరు జిల్లా. ఏటా ఫాల్గుణంలో జాతర జరుగుతుంది. అమ్మవారిని జలదుర్గ అని కూడా పిలుస్తారు.

ఈ ఏడు మళ్లీ ఆ జాతరకే పాట చేద్దామనుకున్నప్పుడు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న "పాట బాగుందా?" అని కాదనీ, "ఇది ఎవరు పాడాలి?" అనీ అర్థమైంది. దీనికి పెద్దల దారి ఒకటి ఉంది. త్యాగరాజస్వామి (1767–1847) కృతులు ఎంత కష్టమైనవో సంగీతం నేర్చుకునేవాళ్లకి తెలుసు. ఏళ్ల తరబడి సాధన చేస్తే గానీ గొంతుకి పట్టుబడవు. అదే స్వామి దివ్యనామ సంకీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కూడా చేశారు. వాటిలో బాణీ తేలిక. చరణాలు ఎన్నున్నా చాలావాటికి ఒకటే వరస, ఒకరు అంటే పదిమంది అందుకోవచ్చు. అంతటి వాగ్గేయకారుడికి కష్టమైన బాణీ కట్టడం రాక కాదు కదా! గుంపు పాడాల్సిన పాటకి గుంపు గొంతుని లెక్కలోకి తీసుకున్నారు. మేం నిరుడు చేసింది దానికి తలకిందులు. ఒక్క గాయని పాడదగ్గ బాణీ కట్టి, ఊరంతా పాడాలని ఆశపడ్డాం.

ఈసారి రాసిన మొదటి ప్రతి ఇది. సిగ్గుపడకుండా పెడుతున్నాను.

పద్మదళాక్షీ పరాశక్తి జననీ
మదిలో నిన్నే కొలిచెదమమ్మా
సకల జనులను కాచే తల్లీ
సిరులు కురిపించు పెద్దింట్లమ్మా

అమ్మవారి పెద్ద పెద్ద కళ్లు గుర్తొచ్చి పద్మదళాక్షి అన్నాను. చదవడానికి తప్పేం లేదు. మా ఛానెల్‌లో బాణీలు కట్టే అన్నయ్య దీనికి హంసానందిలో వరస కట్టాడు. వీడియోలో మొదట విన్నది అదే. నిజంగా చాలా అందమైన బాణీ, ఇప్పటికీ నాకిష్టం.

బాణీ లేకుండా చదవడం

మొదటి పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. పాటని మామూలు మాటలా గట్టిగా చదవండి, తర్వాత బాణీలో పాడండి. రెండిట్లో ఏ అక్షరం పొడుగు మారిందో చూడండి. తెలుగులో ఇది చిన్న విషయం కాదు, పొడుగు మారితే మాటే మారిపోతుంది. మా బాణీలో "మదిలో" దగ్గర మొదటి అక్షరం మీద రెండు దెబ్బల కాలం ఆగాలి. పాడితే "మాదిలో" అని వినిపిస్తోంది! మది కాస్తా మాది అయిపోయింది. ఇలాగే నది అన్నది నాది అవుతుంది, కల అన్నది కాల అవుతుంది. మంచి బాణీ కట్టేవాళ్లు దీర్ఘం మీదో, మాట చివరి అచ్చు మీదో ఆగుతారు. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి ఆగడానికి చోటు దొరక్కపోవడం ఉండదు.

రెండోది ఉచ్చారణ. హైదరాబాదులో ట్రాక్ పాడిన అమ్మాయి "సకల" అన్నది "శకల" అని పాడింది. సకలం అంటే అన్నీ, శకలం అంటే ముక్క. "ముక్కలైన జనులను కాచే తల్లీ" అని మేం మూడు వారాలు విన్నాం, ఒక్కరం పట్టుకోలేదు. రాసినవాళ్లం కాబట్టి మా చెవి మేం రాసిందే వింటోంది. కాగితం చూడని మనిషికి వినిపించి, విన్నది విన్నట్టు రాయమంటే ఇది ఐదు నిమిషాల్లో దొరికేది.

మూడో పరీక్ష కొంచెం ఇబ్బంది పెడుతుంది. పాటలో అమ్మవారి పేరు తీసేసి ఇంకో అమ్మవారి పేరు పెట్టి పాడండి. నేను పెద్దింట్లమ్మ తీసి బెజవాడ కనకదుర్గమ్మ పేరు పెట్టాను. పాట చెక్కుచెదరలేదు. అమ్మవార్లందరూ ఒకటే శక్తి కదా, అందులో తప్పేముంది అని అన్నయ్య అన్నాడు. నిజమే, తత్వంలో తప్పు లేదు. కానీ జాతరకి దోనె కట్టుకుని వచ్చే మనిషి ఈ గట్టు మీద, ఈ నీళ్ల మధ్య ఉన్న అమ్మని పిలుస్తుంది. నా పాటలో నీటి చుక్క లేదు.

పేరుకి నాలుగు చప్పట్లు

సంక్రాంతి సెలవుల్లో ఏలూరు దిగి, అమ్మమ్మ ఊరు వెళ్లాను. శుక్రవారం రాత్రి భజనకి ఎనిమిదిమంది ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు వచ్చారు. అందరూ యాభై దాటినవాళ్లే. ఒక డోలక్, రెండు జతల తాళాలు. కాగితాలు పంచలేదు, హార్మోనియం పెట్టలేదు. నేను ఒక్కో పాదం పాడటం, వాళ్లు తిరిగి అనడం. ఫోను నా ముందు కాకుండా గుంపు మధ్యలో చాప మీద పెట్టి రికార్డు చేశాను. ఇది గుర్తుపెట్టుకోండి. ఫోను పాడేమనిషి దగ్గరుంటే గుంపు ఏం పాడిందో తర్వాత వినిపించదు.

ఒకటే పాట ఆరుసార్లు పాడించాను. "ఏమే, ఇదేమన్నా పరీక్షా?" అని అమ్మమ్మ విసుక్కుంది. పరీక్షే, కాకపోతే నాకు.

ఇంటికొచ్చి ఒక షీట్ వేసుకున్నాను. అడ్డంగా పాట పాదాలు, నిలువుగా ఆరు విడతలు, తప్పు పడ్డచోట గుర్తు. (అలవాటు, ఏం చేస్తాం.) ఒకళ్లు ఒకసారి తప్పితే అది వాళ్ల తప్పు. పదిమందీ ఆరుసార్లూ ఒకేచోట తప్పితే అది పాట తప్పు. అలాంటి చోట్లు మూడు దొరికాయి.

ఒకటి, ఎత్తుగడ. అన్నయ్య పల్లవిని అనాగతంలో పెట్టాడు, అంటే తాళం దెబ్బ పడ్డాక అర దెబ్బ ఆగి పాట ఎత్తుకోవాలి. వినడానికి ఎంతో సొగసు. కానీ చేతిలో తాళాలున్న మనిషి దెబ్బతోనే నోరు విప్పుతుంది. ఆరుసార్లూ దెబ్బ మీదే అందుకున్నారు, చివరికి పాట ఒకవైపు, డోలక్ ఒకవైపు పోయాయి.

రెండు, రాగం. హంసానందిలో పంచమం లేదు. ప్రతిమధ్యమం నుంచి ఎగిరి ధైవతానికి పోవాలి. వాళ్ల గొంతులు ప్రతిమధ్యమం దగ్గర నిలబడకుండా పక్కనే ఉన్న పంచమంలోకి జారిపోయాయి. పైగా పల్లవి మొత్తం తారషడ్జం చుట్టూ తిరుగుతోంది. ట్రాక్ పాడిన అమ్మాయిది ఐదున్నర శృతి. వీళ్లు తమంతట తాము ఎత్తుకున్నప్పుడు తంబూర యాప్ పెట్టి చూస్తే మూడు శృతి దగ్గరున్నారు, ఆరో విడతకి అక్కణ్ణుంచి కూడా అర శృతి దిగిపోయారు. అరవై ఏళ్ల గొంతు మీద బరువెక్కువైందని అర్థం.

మూడోదే నాకు తల కొట్టేసినట్టు అనిపించింది. అమ్మవారి పేరు. నాలుగో పాదం చివర "కురిపించు" తర్వాత మిగిలిన కాస్త చోటులో పెద్దింట్లమ్మ అన్న పేరుని ఇరికించాం. గుంపులో అది "పెద్దిట్లమ్మ", "పెద్దిమ్మ", ఒకసారైతే ఉత్త "అమ్మ" అయిపోయింది. పాట ఎవరిదో ఆ పేరే వినిపించడం లేదు.

ఇక్కడ కాస్త పదో తరగతి ఛందస్సు గుర్తుచేసుకుందాం. హ్రస్వాక్షరం లఘువు, దానికి ఒక మాత్ర. దీర్ఘం గురువు, రెండు మాత్రలు. సున్నా ఉన్న అక్షరమూ, ద్విత్వానికి గానీ సంయుక్తానికి గానీ ముందున్న అక్షరమూ గురువులే. ఇప్పుడు పేరు చూడండి: పె, ద్దిం, ట్ల, మ్మా. నాలుగూ గురువులే. ఇలాంటి పేరు పరిగెత్తదు, నింపాదిగా నడుస్తుంది. దాన్ని తొందరపెడితే అక్షరాలు రాలిపోతాయి. చేయాల్సిందల్లా అక్షరానికో చప్పట్టు చొప్పున నాలుగు చప్పట్లు ఇవ్వడమే. మరునాడు పొద్దున్న పెరట్లో కూర్చుని అమ్మమ్మ చేత ఆ పేరు ఒక్కటే పిలిపించాను. గుడిలో ఎలా పిలుస్తావో అలా పిలువు అన్నాను. సరిగ్గా నాలుగు సాగదీతలు. బాణీ అక్కడే ఉంది, మేమే వెతుక్కోలేదు.

దాని పక్కన వచ్చే పాదాలు అదే నాలుగు చప్పట్లలో పడాలి. చప్పట్టుకి మూడు మాత్రలు పెట్టుకున్నాను, అంటే తిశ్రం. కోలాటానికీ, భజనకీ కాళ్లు, చేతులు తేలిగ్గా కదిలే నడక. ఇలా వచ్చింది:

పెద్దింట్లమ్మా
నీళ్ల నడుమ నిల్చినావు
నీవె మాకు దిక్కు తల్లి

నీళ్ల, నడుమ, నిల్చి, నావు. నీవె, మాకు, దిక్కు, తల్లి. చప్పట్టుకి మూడు మాత్రలు, పాదానికి పన్నెండు. మీరూ చేత్తో కొట్టి చూడండి.

అన్నయ్యకి ఫోన్ చేసి చెప్తే మొదట బాధపడ్డాడు. "వాళ్లకి సంగీతం రాదు కదా, వాళ్లకోసం రాగం మార్చేస్తామా?" అన్నాడు. ఆ మాటకి నాకు వెంటనే జవాబు తోచలేదు. ఎందుకంటే హంసానంది బాణీ అందమైనది, ఇప్పుడు మేం చేస్తున్నది అంతకన్నా తేలికైనది. ప్రతిసారీ జనానికి తేలికైందే మంచిది అంటే సంగీతమే మిగలదు. ఒంటరిగా కూర్చుని వినే పాటకి హంసానందే ఉండనివ్వచ్చు. చివరికి అన్నయ్య ఆ బాణీని ఇంకో సాహిత్యానికి దాచుకున్నాడు, దీనికి మధ్యమావతి తీసుకున్నాడు. అయిదే స్వరాలు, పంచమం స్థిరంగా ఉంటుంది, మంగళకరమైన రాగమని పేరు. పల్లవి కింది నిషాదం నుంచి పంచమం దాకా, అంతే. చరణంలో ఒక్కసారి మాత్రం పైషడ్జాన్ని తాకి వస్తుంది.

బాణీ మార్చడం అపచారం ఏమో అన్న భయం కొందరికి ఉంటుంది. అన్నమయ్య (1408–1503) సంకీర్తనలు రాగిరేకుల మీద దొరికినప్పుడు వాటి మీద రాగాల పేర్లున్నాయి గానీ స్వరాలు లేవు. ఈరోజు మనం వింటున్న వరసలు ఎక్కువభాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారి లాంటి విద్వాంసులు తర్వాతి కాలంలో కట్టినవే. ఒకే సంకీర్తనకి రెండు మూడు వరసలు ఉండటమూ మామూలే. అలాంటప్పుడు నిన్న మొన్న రాసిన మా పాట బాణీ మారిస్తే కొంపలేం మునగవు.

వాళ్లు మార్చితే ఉంచాలా, తీసేయాలా?

రెండో శుక్రవారం కొత్త పల్లవితో వెళ్లాను. ఈసారి వాళ్లు పాట నేర్చుకున్నారు, నేర్చుకుంటూనే మార్చేశారు. "నిల్చినావు" అన్నదాన్ని అందరూ "నిలిచినావు" అన్నారు. లెక్క చూస్తే, నిల్చి రెండూ ఒకటీ మూడు మాత్రలు, నిలిచి ఒకటీ ఒకటీ ఒకటీ మూడే. చప్పట్టు తప్పలేదు, పైగా నోటికి హాయిగా ఉంది. "నీవె" కాస్తా "నువ్వె" అయ్యింది. అదీ మూడే. రెండూ ఉంచేశాం. నా కాగితం కన్నా వాళ్ల నోరే నయం.

చరణాల సంగతి వేరు. మొదటి ప్రతిలో ఒకచోట "కలువల కొలనున కొలువైన తల్లి" అని ఉండేది. గుంపులో ఒక మామ్మగారు ఆపి, "కలువలెక్కడున్నాయే? మా కాలువలో గుర్రపుడెక్క తప్ప ఏం లేదు" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ మాట నేను ఏ పాటల్లోంచో ఎత్తుకొచ్చి పెట్టానని నాకు తెలుసు. కొల్లేరు 1999లో అభయారణ్యం అయ్యింది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించారు. ఈ ఊళ్లలో ప్రతి ఇంటికీ దాంట్లో ఒక కథ ఉంది. అలాంటివాళ్ల ముందు నేను కలువల కొలను అంటున్నాను.

అప్పుడు సాయంత్రం పూట గట్టు మీద కూర్చుని కనిపించింది రాసుకున్నాను. ఆటపాక వైపు నుంచి గూడబాతులు వరసగా వస్తున్నాయి. దోనెలు తిరిగొస్తున్నాయి.

గూడబాతు గూటికొచ్చె, దోనె తిరిగి ఒడ్డు చేరె
చేపబుట్ట నిండకున్న చేయి వదలవద్దు తల్లి

నిజానికి రెండో పాదం నాది కాదు. "సిరులు కురిపించు" అన్నది పాడుతున్నప్పుడు అదే మామ్మగారు, "సిరులెవరడిగారే? వేటకెళ్లినోడు బుట్ట నిండకపోయినా తిరిగొస్తే చాలని మొక్కుతాం" అంది. ఆవిడ మాటని నేను మాత్రల్లో పెట్టానంతే. నా కాగితం మీద అది పాటలోకెల్లా మంచి పాదం అనుకున్నాను.

గుంపు పాడింది. రికార్డింగు వింటే ఒళ్లు జలదరించింది. పదిమందిలో ఐదారుగురు "చేపబుట్ట నిండియున్న" అంటున్నారు! నిండకున్న, నిండియున్న. మాత్రలు అచ్చం ఒకటే. చప్పట్లలో తేడా రాదు, అందుకే ఎవరికీ తెలియలేదు. అర్థం మాత్రం పూర్తిగా తిరగబడింది. "బుట్ట నిండినా లేకపోయినా" అన్న మొర పోయి, బుట్ట నిండుగా ఉన్నవాళ్లు పాడుకునే పాట అయిపోయింది. ఈ మార్పుని నోటికి హాయిగా ఉందని ఉంచడానికి లేదు. అలాగని "సరిగ్గా పాడండి" అని వాళ్లని కోప్పడితే ఏం లాభం? రేపు జాతరలో మైకులో పాడేవాళ్లందరి పక్కనా నేను నిలబడలేను కదా. ఇంతమందికి తప్పు వినిపించే మాటని మార్చుకోవాల్సింది నేనే.

రెండు రోజులు తన్నుకున్నాను. "ఖాళిగున్న" అని పెడితే ఖాళీ కుదించినట్టుంది. మళ్లీ ఆ మామ్మగారి ఇంటికే వెళ్లి, బుట్టలో చేపల్లేకుండా వస్తే మీరేమంటారు అని అడిగాను. "ఏముంది, వట్టి బుట్ట" అంది వల బాగుచేసుకుంటూ.

బుట్ట వట్టిదైన గాని చేయి వదలవద్దు తల్లి

బుట్ట, వట్టి, దైన, గాని. పన్నెండు మాత్రలు. బుట్టకీ వట్టికీ ప్రాస దానంతటదే కుదిరింది. మూడో శుక్రవారం ఆరు విడతల్లో ఒక్కరు కూడా ఇంకోలా పాడలేదు. రెండో విడతకే ఒకావిడ కళ్లొత్తుకుంది. ఎందుకని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఇంకో చరణం అర్థం దగ్గర దొరికిపోయింది. "ఏరు పొంగి ఇల్లు మునిగె, ఎత్తిపట్టి కాచినావు" అని రాశాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచినప్పుడు ఆ నీళ్లు చివరికి చేరింది కొల్లేటికే. లంక ఊళ్లు ఎలా ఉన్నాయో మా ఇంట్లో అందరూ చూశారు. డోలక్ వాయించే తాతగారు నెమ్మదిగా, "ఇల్లు మునిగిందంటావు, కాచిందంటావు. ఏది నిజం?" అన్నారు. బాణీలో పడి రాసిందాన్ని అర్థం అడిగితే ఇలాగే ఉంటుంది. "ఏరు పొంగి వచ్చు నాడు, ఏటిగట్టు నువ్వె తల్లి" అని మార్చాను. ఇప్పుడది జరిగిపోయినదాని గురించి చెప్పే గొప్ప కాదు, రాబోయే వానాకాలం గురించి పెట్టుకునే మొర.

ఒక చరణం మాత్రం మొత్తం తీసేశాం. ఉప్పుటేరు తవ్వినప్పుడు ఒక ఆడపిల్లని బలిచ్చారని, పేరంటాలు కనుమ అన్న పేరు అలా వచ్చిందని ఇక్కడ ఒక కథ చెప్పుకుంటారు. దాన్ని కూడా తిశ్రం నడకలో, చప్పట్లతో పాడబోయాం. రెండు పాదాలయ్యేసరికి ఎవరి చేతులూ కదల్లేదు. ఆ కథకి వేరే పాట కావాలి, వేరే కాలప్రమాణం కావాలి. ఎప్పుడైనా చేస్తాం.

మైకులో, ఫోన్లో

ప్రొడక్షన్ గురించి కొంచెమే చెప్తాను, ఎందుకంటే ఇక్కడికొచ్చేసరికి పని చాలావరకు అయిపోయింది. మన శ్రోతలు పాట వినేది రెండే చోట్ల, ఫోను స్పీకర్లో, గుడి దగ్గర గొట్టం మైకులో. రెండిట్లోనూ కింది శబ్దం సరిగా పలకదు. స్టూడియో స్పీకర్లలో గుండెలదిరేలా వినిపించే డోలక్ ఎడమవైపు మోత అక్కడ మాయమైపోతుంది. తాళం దాని మీదే నిలబెడితే పాట గాలిలో వేలాడుతుంది. మేం తాళాలు, చప్పట్లు ముందుకు తెచ్చాం. "స" అక్షరాలు గొట్టం మైకులో ఈలలా కొడతాయి కాబట్టి పాడేటప్పుడే కొంచెం మెత్తగా అనమన్నాం. వయొలిన్లు తీసేశాం. ఖర్చు కూడా తగ్గింది.

తాడేపల్లిగూడెంలో ఒక చిన్న స్టూడియో తీసుకున్నాం. ఏలూరు నుంచి రైలెక్కితే గంటలోపే. దాని పక్క ఊరనదగ్గ నిడదవోలులోనే 1920లో బాలాంత్రపు రజనీకాంతరావు గారు పుట్టారు. విజయవాడ రేడియోలో భక్తిరంజని మొదలుపెట్టింది ఆయనే. పొద్దున్నే ఒక చిన్న డబ్బా స్పీకర్లోంచి విని మా అమ్మమ్మ తరం ఎన్ని పాటలు నేర్చేసుకుందో! రజని గారి కాలంలో ఎవరు ఏ పాట ఎలా సరిచూసుకునేవారో గానీ, మాట ప్రతి అక్షరం వినపడేది అని అమ్మమ్మ ఇప్పటికీ అంటుంది. రైల్లో అన్నయ్యా నేనూ ఆ ఒక్క మాటే అనుకుంటూ వెళ్లాం.

రికార్డింగుకి భజన గుంపులోంచి నలుగురే రాగలిగారు. మిగతావాళ్లకి చెరువు పని. వాళ్ల శృతికే, అంటే మూడుకే పాట పెట్టాం, ముందు పాడే అమ్మాయే కిందికి దిగి పాడింది. తనకి అది కష్టమైంది, రెండుసార్లు నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది. రెండో చరణంలో ఒకచోట గుంపు అర దెబ్బ ముందే అందుకుంటుంది, గమనించే ఉంటారు. కంప్యూటర్లో దాన్ని వెనక్కి జరపొచ్చు. జరిపి చూశాం కూడా. ఊపిరి తీసుకున్న చప్పుడు మాట తర్వాత వచ్చి విచిత్రంగా ఉంది. ఉన్నదున్నట్టు వదిలేశాం.

పాట సాహిత్యం మొత్తం, మూడు శృతికీ ఐదు శృతికీ ఉత్త తంబూర ట్రాకులూ వీడియో వివరణలో పెట్టాను. మీ ఊళ్లో పాడేటప్పుడు ఏ మాటైనా మీ నోట్లో మారిపోతే, ఎక్కడ ఏమైందో రాసి పంపండి, రెండో ప్రతిలో చూస్తాం. వచ్చే వారం ద్వారకాతిరుమల మెట్ల దగ్గర పాడే గోవింద నామాల మీద మాట్లాడుకుందాం.

జై పెద్దింట్లమ్మ తల్లి.